హెచ్చరికలోని ఆదరణ: ఉత్తరాంధ్ర క్రైస్తవ కీర్తన

(శ్రీకాకుళంలో చేసిన పురుషోత్తమ చౌదరి స్మారకోపన్యాసం పాఠం)

పురుషోత్తమ చౌదరి గారి స్మృతిలో, ఆయన తిరిగిన నేల మీద మాట్లాడుతున్నాను. నేను వేదాంత శాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. తెలుగు పద్యమూ పాటా చదువుకుంటూ, పిల్లలకు చెప్పుకుంటూ బతికినవాణ్ణి. ఈ సభలో కీర్తన పుస్తకం కంఠతా వచ్చినవారున్నారు, ఆ పుస్తకాన్ని ఒక్కసారైనా తెరవని సాహిత్య మిత్రులూ ఉన్నారు. ఉభయులకూ పనికొచ్చే ఒక్క విషయాన్నే ఈ సాయంత్రం విస్తరించి చెప్పదలిచాను. మన క్రైస్తవ కీర్తనలో ఆదరణ, హెచ్చరిక ఒకే ఊపిరిలో వినిపిస్తాయి. అవి అలా కలిసి ఉండగలగడానికి కారణం, ఆ పాట కట్టినవాడు ముందుగా తన్ను తానే హెచ్చరించుకోవడం.

హెచ్చరిక అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. ఈ తీరంలో ఆ మాట వినగానే మనకు మొదట గుర్తొచ్చేది రేడియో. అక్టోబరు వచ్చిందంటే కళింగపట్నం, భీమునిపట్నం ఓడరేవుల్లో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారన్న వార్త కోసం తీరమంతా చెవులు రిక్కిస్తుంది. ఆ మాట వినపడగానే వలలు ఒడ్డుకొస్తాయి, తెప్పలు పైకి లాగుతారు, పశువుల పలుపులు విప్పుతారు. ఆ హెచ్చరిక మీద బెస్తపాలెంలో ఎవరికీ కోపం రాదు. హెచ్చరిక రాకపోతేనే కోపం వస్తుంది.

ఆ మాటకు ఇంకో చరిత్ర ఉంది. రాజు కొలువుకు వస్తున్నప్పుడు వంది మాగధులు ముందు నడుస్తూ పెట్టే కేక కూడా హెచ్చరికే. యక్షగానాల్లో అది ఉంది. త్యాగరాజు ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో స్వామికి చేసే సేవలలో హెచ్చరిక ఒకటి. అక్కడ ఆ పిలుపులో బెదిరింపు ఛాయ కూడా లేదు. వస్తున్నవాడు ప్రియమైనవాడు, సర్దుకుని నిలబడండి అని దాని భావం. ఒక భాష తుపాను రాకకూ స్వామి రాకకూ ఒకే మాట వాడిందంటే, ఆ రెంటి ముందూ మనిషి చేయవలసిన పని ఒకటేనని, అంటే మేలుకుని ఉండాలని, దానికి తెలిసి ఉండాలి. బైబిలులో యెహెజ్కేలు గ్రంథం ముప్పయి మూడో అధ్యాయంలో కావలివాడి ప్రసక్తి వస్తుంది. కత్తి రావడం చూసి కూడా బూర ఊదని కావలివాడిదే ఆ రక్తాపరాధమంటాడు ప్రవక్త. పౌలు కొలస్సయులకు రాస్తూ, పాటలతో ఒకరికొకరు బోధించుకోండి, బుద్ధి చెప్పుకోండి అంటాడు. పాడడమూ బుద్ధి చెప్పడమూ అక్కడ ఒకే వాక్యంలో పడ్డాయి. తెలుగువాడికి ఇందులో వింత ఏమీ లేదు. వేమన చేసిందీ, పల్లెల్లో ఏక్‌తార పట్టుకుని తత్వాలు పాడినవాళ్లు చేసిందీ ఇదే.

ఇక చౌదరి గారి దగ్గరికి వద్దాం. 1803లో పుట్టారు. తరాల కిందట వంగదేశం నుంచి వచ్చి ఈ ప్రాంతంలో స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబం. తెలుగు, సంస్కృతం, ఒడియా చదువుకున్నారు. ఆయన పుట్టిన రెండేళ్లకు, 1805లో, లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ దేగ్రాంజ్ విశాఖపట్నంలో దిగారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ పండితుడి సాయంతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. పని ముగియకముందే ఇద్దరు దొరలూ కన్నుమూశారు. 1812లో మత్తయి, మార్కు, లూకా సువార్తలు సేరంపూరులో అచ్చయ్యాయి. ఆ తొలి వచనం ఎంత బిగుసుకుని ఉందో చదివినవారికి తెలుసు. తెలుగు వచనమే అప్పటికింకా నడక నేర్చుకుంటోంది. పాట మాత్రం అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసుల చేతుల్లో పండి ఉంది. కొత్త మతం పాత భాషలో ప్రవేశించడానికి తెరిచి ఉన్న వాకిలి అదొక్కటే.

చౌదరి గారు కరపత్రాల ద్వారా, విశాఖపట్నంలోని మిషనరీ హెలెన్ నాట్ దొరసాని పరిచయం ద్వారా ఈ మార్గంలోకి వచ్చి, 1833లో కటకంలో బాప్తిస్మం పుచ్చుకున్నారు. అప్పటికి ముప్పయ్యేళ్లవాడు. తిరువయ్యూరులో త్యాగరాజు ఇంకా జీవించే ఉన్నారు. ఆ తరువాత బరంపురం, శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో బోధకుడిగా తిరిగారు. 1890లో మరణించేనాటికి వందకు పైగా కీర్తనలు కట్టారు.

ఆ మనిషి చేతిలో రెండు కలాలున్నాయి. ఒక కలంతో కులాచార పరీక్ష, నిస్తార రత్నాకరము వంటివి రాశారు. ఆ గ్రంథాల్లో కులాచార పరీక్ష పేరులోనే దాని వైఖరి ఉంది. అది ఎదుటివారిని నిలదీసే కలం. వాదానికి వాదం, ప్రమాణానికి ప్రమాణం. ఆ రచనలకు వాటి కాలంలో ఒక అక్కర ఉండి ఉంటుంది. ఇవాళ పరిశోధకులు తప్ప వాటిని తెరిచేవారు అరుదు. రెండో కలం కీర్తనలది. ఆ కలం ఎదుటివారి జోలికి దాదాపుగా పోదు. మనసును పిలుస్తుంది, నోటిని పిలుస్తుంది, గడిచిపోతున్న ఆయువును లెక్కపెడుతుంది, పాపిని అంటూ చేతులు కట్టుకుని నిలబడుతుంది. ‘త్రాహిమాం క్రీస్తు నాథ’ అనే కీర్తన పేరే చూడండి. భక్తుడు దిక్కులేక వేసే సంస్కృతపు కేకను ఆయన కొత్త స్వామి పాదాల దగ్గర పెట్టారు. ఆ నాలుగు మాటల్లో ఆయన పూర్వీకుల భాషా ఉంది, ఆయన తెంచుకున్న బంధమూ ఉంది. అదే మనిషి, అదే విశ్వాసం. కాని ‘నువ్వు’ అని రాసింది అల్మారాలోకి పోయింది, ‘నేను’ అని రాసింది జనం నోట నిలిచింది. చౌదరి గారి సాహిత్య జీవితంలో నాకు అన్నిటికంటే విలువైన సాక్ష్యం ఇదే.

‘ఓ మనసా’ అని తన్ను తాను పిలుచుకోవడం ఆయన కనిపెట్టింది కాదు. త్యాగరాజు మనసును బతిమాలారు, మందలించారు, నిలదీశారు. శతకకారులు, తత్వకారులు అదే చేశారు. ఆ సంబోధనలో ఒక మర్యాద ఉంది. పాడేవాడు తన మనసుకు చెప్పుకుంటున్నాడు, మనం పక్కన నిలబడి వింటున్నాం. వినేవాడి వైపు వేలు ఎత్తలేదు గనుక వినేవాడు తలుపు వేసుకోడు. ఆ మాటేదో తనకూ తగులుతుందని తర్వాతెప్పుడో, పొలం గట్టు మీదో పొయ్యి ముందో అదే పాట కూనిరాగం తీస్తున్నప్పుడు తెలుస్తుంది. ఆర్.ఆర్. సుందరరావు గారు 1983లో తెలుగు కీర్తనల్లోని భక్తి తత్త్వం మీద ఒక గ్రంథాన్నే ప్రచురించి, ఈ పాటలను భక్తి సంప్రదాయం వెలుగులో చదవాలని మనకు నేర్పారు. నేనంటున్నది ఆ దారిలో ఇంకో అడుగు మాత్రమే.

కీర్తన కట్టుబడిలోనే ఒక రహస్యం ఉంది. సంగీతం తెలిసినవారు దీన్ని రోజూ చేస్తూనే ఉంటారు కాబట్టి గమనించరేమో. పల్లవి, అనుపల్లవి, చరణాలు. చరణం ఎంత దూరం పోయినా, ఎంత లోతుకు దిగినా, చివర పల్లవి ఎత్తుకోక తప్పదు. ఇప్పుడు ఒక కీర్తన ఊహించుకోండి. పల్లవిలో శరణు. మొదటి చరణంలో ప్రభువు చేసిన మేలు. మూడో చరణంలో చావు, తీర్పు, చేతికందకుండా జారిపోయిన అవకాశం. ఆ భయం కొసన పాడేవాడు ఊపిరి తీసుకుని తిరిగి పల్లవి అందుకుంటాడు. తాళం ఆ తిరుగుదలను కోరుతుంది. అంటే ఆ భయం ఎప్పుడూ దాని చోట అది మిగిలిపోదు. గొంతు దాన్ని శరణు దగ్గరికి నడిపించుకుని వస్తుంది. నాలుగు చరణాలుంటే నాలుగుసార్లు నడిపిస్తుంది. బోధకుడు వచనంలో నరకం గురించి గంటసేపు చెప్పి కూర్చుంటే ఆ పని జరగదు. కీర్తన పుస్తకంలో ప్రతి పాట నెత్తిన రాగమూ తాళమూ అచ్చువేస్తారు. వాటిని చాలామంది అలంకారం అనుకుంటారు. ముఖారి అని రాసి ఉంటే ఆ పాట దుఃఖాన్ని ఎలా మోయాలో చెబుతున్నారన్నమాట. ఇప్పుడు చాలా గుళ్లలో ఆ రాగాలన్నీ మరుగునపడి, హార్మోనియం మెట్ల మీద శంకరాభరణం లాంటిదొకటి అన్ని పాటలకూ సరిపెట్టుకుంటున్నారు. ఇది నాకు బాధ కలిగించే విషయమని చెప్పుకోవడానికి సంకోచించను. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పుట్టిన నేల ఇది. ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామినాయుడు పాఠం చెప్పిన నేల. మన కీర్తనలు వాటి రాగాలతో మళ్లీ వినబడడానికి ఇంతకంటే అనువైన ఊళ్లు ఎక్కడున్నాయి?

ఆ పాటలు ఏ లోకంలోకి వచ్చాయో కూడా చూడాలి. 1866 నాటికి చౌదరి గారికి అరవై దాటాయి. ఆ ఏడాది ఒడిశాలో, గంజాం జిల్లాలో వచ్చిన కరువును ఒడియా సోదరులు ఇప్పటికీ ‘నఅంక’ దుర్భిక్షమనే పిలుస్తారు. ఒడిశాలో పది లక్షలమంది దాకా చనిపోయారని చరిత్రకారుల అంచనా. ఆనాడు గంజాం జిల్లాలోనే ఉన్న ఈ శ్రీకాకుళం పట్టణమూ ఆ దెబ్బ తిన్నది. పదేళ్లకు, 1876లో, నాగావళి పొంగి ఇక్కడి వంతెన కమానులను కొట్టుకుపోయింది. ఫలానా పాట ఫలానా కరువులో పుట్టిందని చెప్పే సాహసం చేయను. కాని ఆయువు బుడగ అని, రేపన్నది నమ్మరానిదని పాట హెచ్చరిస్తే, దాన్ని అలంకారంగా వినే తీరికైన చెవులు ఆనాడు ఈ ఊళ్లో లేవని మాత్రం చెప్పగలను.

ఇంకొక మాట. సంస్కృతం చెవిన పడనివ్వని సమాజంలో, ఆ కట్టుబాటు పెట్టిన వర్ణంలోనే పుట్టినవాడు సంస్కృత సమాసాలతో పాట కట్టాడు. దాన్ని కంఠతా పట్టింది ఎవరు? 1874లో కాకినాడలో మొదలై భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళం, విజయనగరం, పర్లాకిమిడి దాకా విస్తరించిన కెనడియన్ బాప్టిస్టు సంఘాల్లో చేరింది ఎక్కువగా ఊరి చివరి పేటలవారు. అక్షరం రాని తల్లులు. దొరసానులు నడిపిన బడుల్లో ఆడపిల్లలకు అక్షరాలతోపాటు కీర్తనలూ అబ్బాయి. కూలికి పోయే స్త్రీ మడిలో నాట్లు వేస్తూ చౌదరి గారి సమాసాన్ని ఎక్కడా విరగకుండా పలకడం నా చిన్నతనంలో విన్నాను. ఆమెకు ఆ సమాసం విగ్రహవాక్యం తెలియదు. భావం తెలుసు. కులాచారాన్ని ప్రశ్నించిన ఆ గ్రంథం చేయలేని పనిని ఆ మడి చేసింది.

ఇప్పుడొక సాయంత్రం గురించి చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్ని ఊడ్చేసిన సంగతి మీకు తెలుసు. ఆ మరుసటి సంవత్సరం అక్కడి ఒక పల్లెలో ఆదరణ కూడికకు వెళ్లాను. క్రైస్తవేతర మిత్రుల కోసం చెబుతున్నాను: ఇంట్లో మనిషి పోయాక, సమాధి జరిగిన కొన్నాళ్లకు, బంధువులూ సంఘమూ చేరి పాడి, ప్రార్థించి, భోజనం చేసి వెళ్లే కార్యక్రమం అది. దాని పేరే ఆదరణ. ఉద్దానంలో పందిరికి పచ్చి కొబ్బరి మట్టలు దొరకని ఏడాది అది. నీలం రంగు టార్పాలిన్ కట్టారు. గాలికి అది పటపట కొట్టుకుంటోంది. చాపల మీద ఆడవాళ్లు, కుర్చీల్లో మగవాళ్లు. పోయిన పెద్దాయన భార్య గోడకు ఆనుకుని కూర్చుంది. చేతిలో చిన్న తాళాలు.

కుర్ర పాస్టరు గారు దయగల మనిషి. పాత కీర్తన ఒకటి ఎత్తిస్తూ, ‘ఒకటి, రెండు, ఐదు చరణాలు పాడదాం’ అన్నారు. మూడూ నాలుగూ మరణం గురించి, తీర్పు గురించి. చావు జరిగిన ఇంట్లో అవెందుకని ఆయన ఉద్దేశం. రెండో చరణం అయ్యింది, పల్లవి పాడారు. అందరూ ఐదో చరణానికి ఊపిరి తీసుకున్నారు. గోడ దగ్గర నుంచి మాత్రం మూడో చరణం వినబడింది. పుస్తకం లేదు, కళ్లు మూసుకుని ఉంది. తాళాలు తప్పలేదు. పాస్టరు గారు ఆగిపోయారు, ఢోలక్ వాయించే పిల్లవాడు ఒక క్షణం తికమకపడి ఆమె వెనక చేరాడు. నాలుగోదీ పాడింది. అప్పటికి చాపల మీది ఆడవాళ్లంతా ఆమెతో ఉన్నారు. భోజనాల దగ్గర ఆ పాస్టరు గారు, ‘మీకు కష్టంగా ఉంటుందనే వదిలేశానమ్మా’ అని చెప్పుకున్నారు. ఆమె, ‘అదొగ్గేత్తే ఎలాగ బాబూ? మిగతావన్నీ ఆళ్లకోసం. అదొక్కటే నాకోసం’ అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. ఆదరణ ఇవ్వాలని మనం ఏరి పక్కన పెట్టినదాన్నే ఆమె తన ఆదరణగా తీసుకుంది. తన వంతు కూడా దగ్గరపడుతోందని ఆమెకు తెలుసు. ఆ సంగతి తెలియనట్టు చుట్టూ ఉన్నవాళ్లంతా నటిస్తుంటే, ఆమెతో నిజం మాట్లాడింది ఆ పాట ఒక్కటే. తుపాను సంగతి దాచి వాతావరణం బాగుందని చెప్పే రేడియోను ఆ పల్లెలో ఎవరు నమ్ముతారు?

పాశ్చాత్య గీతాల నుంచి మరో పాయ వచ్చి మన నదిలో కలిసింది. 1873 నుంచి బ్రిటన్‌లో అమెరికన్ సువార్తికుడు మూడీ ప్రసంగించగా ఇరా శాంకీ పాడిన సువార్త గీతాలు మిషనరీల పెట్టెల్లో ఇక్కడికీ చేరాయి. అవి వినేవాడిని సూటిగా పిలుస్తాయి: రమ్మంటాయి, ఆలస్యమైతే తలుపు మూసుకుంటుందంటాయి. అందులో ఒక ఉద్ధృతి ఉంది, దాన్ని తక్కువ చేయను. గాస్పెల్ అన్న మాటకు అమెరికా నల్లజాతి సంఘాల్లో ఇంకో అర్థం స్థిరపడింది. బ్లూస్ పియానో వాయించిన థామస్ డార్సీ 1932లో భార్యనూ పురిటి బిడ్డనూ ఒకేసారి పోగొట్టుకుని, ఆ దుఃఖంలో కట్టిన పాట లోకమంతా తిరిగింది. ఆ పాట ప్రభువు చెయ్యి అడుగుతుంది. అతడెవరికీ ఉపదేశించలేదు. చౌదరి గారు బతికి ఉంటే ఆయనకు ఆ గొంతు పరాయిగా తోచేది కాదు.

శాంకీ పాయ మన ఉజ్జీవ కూటాల్లో, తరువాత మైకుల్లో, క్యాసెట్లలో, ఇప్పుడు ఫోన్లలో విస్తరించింది. దానితో ఒక మార్పు జరిగింది. హెచ్చరిక క్రమంగా పాట నుంచి ప్రసంగానికి మారింది. పాట పూర్తిగా ఆదరణకు మిగిలింది: ఆశీర్వాదం, విజయం, ఉన్నత స్థలం. హెచ్చరిక వేదికెక్కి ‘మీరు’ అనడం నేర్చుకుంది. మీ ఆచారాలు, మీ విగ్రహాలు, మీ నాశనం. ఈ జిల్లాల బజార్లలో, ఇరుగుపొరుగు వింటుండగా, అలాంటి మైకుల కింద నేను తలదించుకుని నడిచిన సందర్భాలున్నాయి. ఎవరి పేరూ ఎత్తడం నా అభిమతం కాదు. మొదటి కలం మళ్లీ బయటికొచ్చిందని మాత్రం అనిపిస్తుంది. పాట చేతిలో ఉన్నంతకాలం హెచ్చరికకు పల్లవి ఉండేది. ఇప్పుడు తిరిగి రావడానికి దానికి చోటు లేదు. అటు పాటకూ నష్టమే జరిగింది. మూడో చరణం లేని పాట పెళ్లిపందిట్లో బాగుంటుంది కాని ఆస్పత్రి వరండాలో ఎంతసేపు నిలబడుతుంది?

ఈ నష్టాన్ని ఇంకో కోణం నుంచి చూపే చోటు మనకు దగ్గర్లోనే ఉంది. సీతంపేట, పర్లాకిమిడి కొండల్లోని సవర ప్రజలు. గిడుగు రామమూర్తి పంతులు గారు వారి భాష నేర్చుకుని, వ్యాకరణమూ నిఘంటువూ సమకూర్చి మనకు దారి చూపారు. సవరలు చనిపోయినవారితో మాట్లాడేవారు. పూనకంలో ఉన్న స్త్రీ నోటి వెంట పోయినవారు పలికేవారు, అలిగేవారు, అడిగేవారు, హెచ్చరించేవారు, చివరకు శాంతించేవారు. ఒడిశా వైపు కొండల్లో దశాబ్దాలు గడిపిన మానవశాస్త్రవేత్త పీర్స్ విటెబ్‌స్కీ 2017లో ప్రచురించిన గ్రంథంలో, కొత్త తరం బాప్టిస్టులుగా మారాక ఆ సంభాషణ ఎలా ఆగిపోయిందో రాశారు. ఇప్పుడు వారికి సొంత భాషలో కీర్తనలున్నాయి, వాటిలో నిజమైన ఆదరణ ఉంది. అప్పులపాలు చేసే బలుల నుంచి విడుదలా ఉంది. అయినా పోయిన తల్లి స్వయంగా వచ్చి కోప్పడడం ఆగిపోయింది. కోప్పడే తల్లిని పోగొట్టుకున్నవారికి, ఆదరించే పాట ఎంత మంచిదైనా, ఏదో వెలితి మిగలదా? దీనికి నా దగ్గర సమాధానం లేదు. మన సంఘాలు ఈ ప్రశ్నను సవర పెద్దల ముందు కూర్చుని వినవలసి ఉందని మాత్రం విన్నవిస్తున్నాను.

నా తరువాత గాయక బృందం చౌదరి గారి కీర్తన పాడుతుందని కార్యక్రమ పత్రంలో ఉంది. ఇందాక హార్మోనియం మీద పెట్టిన కాగితం నా కంటపడింది. పాట పేరు పక్కన 1, 2, 5 అని పెన్సిలుతో రాసి ఉంది. నా ఉపన్యాసం నిడివికి భయపడి ఆ కోత పెట్టి ఉంటే క్షమించండి. దయచేసి మూడూ నాలుగూ కూడా పాడండి.